నూగు

కొత్తవాడ మగ్గాల సందుల
మా ఇంటి నడిమి గుంజకు
మనస్విత ఎత్తు గీసిన బొగ్గుగీతలు మూడు.
మూడేండ్లవి.
మూడూ ఒకదానిమీదొకటి పడ్డయి.

కడుపు మాత్రం కుండ.
కాళ్లు కండెపుల్లలు.
నులిపురుగులన్నరు, మందు తాపినం.
దిష్టన్నరు, మిరపకాయలు తిప్పినం.
రక్తం ఏడే ఉందని
టానిక్కు సీసాలు ఎన్ని ఒడిసినయో,
పండ్లు నల్లబడ్డయి గని పిల్ల ఎర్రబడలే.
నేనైతే తిను తినని
పాలల్ల నానేసిన గోధుమరొట్టె
నోట్లె కుక్కిన.
బలమని.

ఆ మాట ఇప్పటికీ నా గొంతు దిగది.

ఎంజీఎంల చీటీ రాసిస్తే
హన్మకొండల గొట్టం ఏసి సూసిండ్రు.
డాక్టరమ్మ కంప్యూటరు మా దిక్కు తిప్పింది.
పేగు లోపటంత మఖ్మల్ లెక్క ఉండాలె,
సన్నసన్నటి వేళ్లు లేసి ఉండాలె,
తిన్నదాన్ని అవే అందుకోవాలె,
ఈ పాపకు సాపయిపోయినయి అన్నది.

నాకు సమజ్ గాలే.
మా మామ రాజమల్లు కుర్చీల నుంచి లేసిండు.
నలభై ఏండ్లు తివాచీలకు ముడులేసిన వేలు
ఆ తెర మీద పెట్టి మెల్లగ తడిమి
"నూగు అరిగింది బిడ్డా,
కింద పడుగు కనబడ్తాంది" అన్నడు.
డాక్టరమ్మ రాసుడు ఆపి ఆయన దిక్కు సూసింది.

గోధుమ.
గోధుమల ఉన్న జిగురు.
దాన్ని సూసి ఒళ్లు, దొంగొచ్చిండనుకొని
సొంత ఇల్లే కూలగొట్టుకుంటాందట.

మళ్ల ఇంకో మాట చెప్పింది.
కడుపుల కంటికి ఆనని కోట్లమంది ఉంటరు,
మంచోళ్లు, కిరికిరిగాళ్లు, ఊకెనే కూసునెటోళ్లు.
ఈ రోగమున్న పిల్లలల్ల ఆ జనాభా లెక్క తప్పుతదట.
మామ అడిగిండు:
నూలు ఖరాబయినంక నేసెటోళ్లు పోయిండ్రా,
నేసెటోళ్లు పోయినంక నూలు ఖరాబయిందా?
"అదే పెద్దాయనా, మాకింకా తెల్వది"
అన్నదామె. తెల్వనిది తెల్వదన్నందుకు
ఆమె మీద నాకు గురి కుదిరింది.
మా సందుల గూడ అంతే గద,
సూరత్ పోయినోళ్లు, భివండీ పోయినోళ్లు,
ఖాళీ గుంటమగ్గాలల్ల కోళ్లు పొదుగవడ్డయి.
ఏది ముందుగాల ఆగిందో ఎవ్వలు చెప్తరు.

ఇంటికొచ్చి డబ్బాలన్ని దించిన.
రవ్వ. సేమియా. ఉస్మానియా బిస్కట్లు.
ఇంగువడబ్బ ఎనక సన్నటి అక్షరాలు
పక్కింటి డిగ్రీ పిల్ల ఫోన్ల పెద్దగ జేసి సదివితే
అండ్ల గూడ గోధుమపిండే.
చారుల చిటికెడు ఇంగువ,
ఇన్నేండ్లు నా చేతి రుచి అనుకున్నది.

పడుగుకు మైదాగంజి పట్టించే మామ
బియ్యంగంజికి మారిండు.
ఎవ్వలు చెప్పలే.
కుండ మాత్రం రెండుసార్లు కడుగుతడు.

మా అత్త జొన్నరొట్టె కొడ్తాంటే
ఆ చప్పుడు మళ్ల ఇంట్ల జొరవడ్డది.
"గరీబోళ్ల రొట్టెని ఇడిసిపెట్టినం,
జొన్న ఏం పాపం జేసిందే" అనుకుంట కొడ్తది.
పిల్లేమో అంచులు పారేసి
నడుమ మెత్తగున్నదే తింటది.

సద్దుల బతుకమ్మనాడు
ఎవరో మలీదముద్ద దాని చేతిల పెట్టిండ్రు.
ఆరేండ్ల పోరి తలెత్తి అడిగింది,
"జొన్ననా? గోధుమనా?"
ప్రసాదానికి అట్ల అడుగొద్దు బిడ్డా
అని ఆమె నవ్వింది.
ఇది రెండు చేతులల్ల పట్టుకొని
కండ్లకద్దుకొని
తెచ్చి నా కొంగుల ఏసింది.
నాకిందో లేదో
నేను అడుగలే.
వేళ్లు మాత్రం ఒక్కొక్కటి కడిగిన.

నిన్న తూకం కిలోన్నర పెరిగింది.
గుంజకు ఆనించి నిలబెట్టి
మామ బొగ్గు అందుకున్నడు.
పిల్ల మడిమెలు జరంత లేపింది.
ఆయన కింద సూసిండు,
సూడనట్టే
గీత గీసిండు.